పచ్చి స్లాబు కింద పెళ్ళి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దమనిషి రెండూ ఒకే రోజు పెట్టుకోమని మాత్రం అనలేదు. మేం పెట్టుకున్నాం. ఇల్లు కూడా కాదు, చర్చి. పెళ్ళి నాది.

మా పాత చర్చి యుద్ధంలో బాంబు పడి కూలింది. గుమ్మం ముందరి మెట్లు మాత్రం మిగిలాయి. యుద్ధం అయ్యాక మా చర్చి జనమంతా కూర్చుని ఆ కూలిన గోడల రాళ్ళనే సుత్తులతో కొట్టి కొత్త చర్చికి కంకర చేశాం. కూలినవాటిలో ఒక్క స్తంభాన్ని మాత్రం మా మేనత్త ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, తనే పగలగొట్టింది. ప్రసంగాలప్పుడు ఆవిడ తల ఆనించి నిద్రపోయిన స్తంభం అది. కొత్త చర్చిలో అసలు స్తంభాలే ఉండవని తెలిశాక ఆవిడ ఇంజినీరుతో మాట్లాడటం మానేసింది.

ఆ ఇంజినీరు గాలేస్తే ఎగిరిపోయే మనిషి. గీసింది మాత్రం బోర్లించిన పడవంత కప్పు. మందం బెత్తెడు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మధ్యలో ఆధారం లేదు. ఎక్కడ కూర్చున్నా బలిపీఠం కనబడాలి, ఎవరూ ఎవరి వెనకా దాక్కోకూడదు అన్నాడు. అతను కాగితం మీద నిలబెట్టి వెళ్ళిపోయాడు. నేల మీద నిలబెట్టాల్సింది సెంట్రింగ్ మేస్త్రి. కాంక్రీటు గట్టిపడేదాకా కింద చెక్కలు పరిచి, కర్రలు నాటి, ఆ బరువంతా మోయించే పని ఆయనది. నేను చేసుకోబోయేది ఆయన్నే.

పెళ్ళి ఆ మంగళవారమే కావాలి. బుధవారం నుంచి తపస్సు కాలం, ఈస్టరు దాటేదాకా పెళ్ళిళ్ళు చేయరు. ఈలోగా సెంట్రింగ్ విప్పేసి ఆయన ఎక్కడో దూరాన వంతెన పనికి పోవాలి. పెళ్ళయితే నేనూ వెళ్తాను. కాకపోతే ఆయనొక్కరే వెళ్తారు, నేను ఇంట్లో కూర్చుని అందరి చేతా అయ్యో పాపం అనిపించుకుంటాను.

నెలల తరబడి బతిమాలినా రాని సిమెంటు సరిగ్గా ఆ మంగళవారం తెల్లారగానే లారీలో దిగింది. బస్తాలు చెమ్మ పట్టాయి. ఇవాళ కలపకపోతే రేపటికి రాళ్ళే. కక్కొచ్చినా కల్యాణమొచ్చినా ఆగదంటారు. స్లాబు ఆ రెంటికీ పెద్దక్క. మొదలుపెట్టాక మధ్యలో ఆపితే అక్కడ అతుకు పడుతుంది, ఆ అతుకు దగ్గరే పగులుతుంది.

దాంతో పెళ్ళికొచ్చిన చుట్టాలందరి చేతుల్లోకీ తట్టలు వచ్చాయి. ఏటవాలు బల్లల మీద కింద నుంచి పైదాకా వరస కట్టారు. నాన్న కొత్త కోటు విప్పి నా ఒళ్ళో పడేశాడు. ఫాదర్‌గారు అంగీ పైకి దోపుకుని కాంక్రీటు కలిపే మిక్సర్ దగ్గర నిలబడ్డారు. పెళ్ళి బాజావాడు ఊరికే ఉండలేక డోలు అందుకున్నాడు, ఆ దెబ్బకి తగ్గట్టే తట్టలు చేతులు మారాయి. మా మేనత్త ప్రతి తట్టలోకీ తొంగి చూసి, "మెల్లగా పొయ్యండర్రా, అందులో నా స్తంభం ఉంది" అంటోంది.

నేను ముసుగు వేసుకుని పాత మెట్ల మీద కూర్చున్నాను. పెళ్ళికూతురిని ఎవరూ పని ముట్టుకోనివ్వరు. పొద్దు వాలుతోంది. నాకు ఒళ్ళు మండింది. లేచి మిక్సర్ దగ్గరికి వెళ్ళాను.

"ఫాదర్, నా పెళ్ళెప్పుడు?"

"స్లాబు అవగానే తల్లీ."

"స్లాబు అయినా మేస్త్రిగారు కర్రలు కాస్తూ తెల్లారేదాకా కింద నుంచి కదలరు. తెల్లారితే బుధవారం."

ఫాదర్‌గారు తల గోక్కున్నారు. "అయితే అతన్ని ఒక్క నిమిషం బయటికి పిలుద్దాం."

"రానండి," అని కర్రల మధ్య నుంచి గొంతు వినిపించింది. "ఒక్క కర్ర జారినా పైనున్నవాళ్ళంతా నా నెత్తిన ఉంటారు."

"అయితే మనమే లోపలికి పోదాం," అన్నాను.

ఫాదర్‌గారు పైకి చూశారు. "విశ్వాసం ఉంది తల్లీ. కానీ పచ్చి స్లాబు కదా."

"మొన్న ఆదివారం ఈ కప్పు విశ్వాసం మీదే నిలబడుతుందన్నారు."

"అప్పుడు బయట నిలబడి చెప్పాను."

అమ్మ పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "వద్దే, నీకేమైనా పిచ్చా?"

"ఆయన నాటిన కర్రల కింద నిలబడలేనిదాన్ని, ఆయనతో కాపురం ఏం చేస్తానమ్మా?"

అమ్మ నా ముసుగు సర్ది చెయ్యి వదిలింది.

సాక్షులుగా నాన్న, అత్త వచ్చారు. లోపల ఎటు చూసినా కర్రలే. చెక్కల సందుల్లోంచి సిమెంటు నీళ్ళు కారుతున్నాయి, పైన అడుగుల చప్పుడు. మేస్త్రిగారు నన్ను చూసి బిత్తరపోయారు.

"ఇక్కడికెందుకొచ్చావు?"

"పెళ్ళి చేసుకుందామని."

ప్రార్థనలు అంత జోరుగా చదవడం నేను మళ్ళీ ఎక్కడా వినలేదు. ఈమెను భార్యగా స్వీకరించడం సమ్మతమేనా అని ఫాదర్‌గారు అడిగారు. అంతలో ఎక్కడో ఒక కర్ర కిర్రుమంది. పెళ్ళికొడుకు మాయమయ్యాడు.

"పారిపోయాడు," అంది అత్త.

అప్పుడు చీకట్లోంచి సుత్తి దెబ్బలు, వాటి వెనక ఆయన గొంతు. "సమ్మతమేనండీ. ఈ చెక్కముక్క బిగించి వస్తున్నా."

నా వంతు వచ్చింది. సమ్మతమేనని మిక్సర్ మోతను మించి అరిచాను. పైన వాళ్ళకీ వినబడింది, డోలు జోరందుకుంది. చుట్టాలు సంబరంతో ఇంకా వేగంగా పోశారు, నా ముసుగు మీద ఇంకా వేగంగా కారింది. దీవెన పూర్తయ్యీ కాకముందే ఫాదర్‌గారు బయట ఉన్నారు. ఆయన వెనకే నాన్న, అత్త.

"నువ్వూ వెళ్ళు," అన్నారు మేస్త్రిగారు.

"వెళ్ళను."

"భయం వెయ్యట్లేదా?"

"వేస్తోంది. మీకో?"

ఫాదర్‌గారికీ, నాన్నకీ, ఆఖరికి ఆ ఇంజినీరుకి కూడా ఏం ఫరవాలేదండీ అని నెలల తరబడి ధైర్యం చెప్పిన మనిషి ఆయన. ఒకసారి పైకి చూశారు, తర్వాత నా వైపు చూశారు.

"చచ్చేంత," అన్నారు.

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. కర్ర పట్టుకుని నవ్వితే కర్ర కదులుతుందేమోనని ఒకరినొకరు పట్టుకుని నవ్వాం. అంత సంతోషం నా జన్మలో ఎరగను. తర్వాత ఆయన రెండో సుత్తి నా చేతికిచ్చి, గోడ వైపు కర్రల వరస చూసుకోమన్నారు.