అత్తయ్య కొత్త నరాలు

ఫోన్ మోగేసరికి నేను పెసరట్టు తిరగేస్తున్నాను. మా ఆయన శ్యాంబాబు వెనక నిలబడి నా జడ లాగుతున్నారు. అత్తయ్య పరిశోధన కోసం రక్తం ఇచ్చిన హైదరాబాదు ల్యాబ్ నుంచి కబురు. అత్తయ్య సంపూర్ణమ్మగారి రక్తంలోని కణాలను మూలకణాలుగా మార్చి, వాటి నుంచి నరాల కణాలు పెంచగలిగారట! అట్టు మాడింది. మాడిన అట్టునే ఇద్దరం నవ్వుకుంటూ పంచుకున్నాం.

ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే అత్తయ్య నరాల మీద పడుతుంది. ఎందుకు పడుతుందో, ఏ మందు ఆపుతుందో ల్యాబ్‌లో ఆ కణాల మీద చూస్తారు. ఆమెకు మాత్రం రోజూ వేసుకునే మాత్రలే దిక్కు. బయోటెక్నాలజీ చదివిన కోడలిని కదా, అంతా విడమరిచి చెప్పాననే అనుకున్నాను.

ఆ శుక్రవారం చర్చిలో ఉపవాస కూడికలో ఆమె లేచి, "ప్రభువు నాకు కొత్త నరాలు దయచేశాడు" అని సాక్ష్యం చెప్పేశారు. మర్నాటి నుంచి మాత్రలు బంద్.

కూరలు తరుగుతూ చెప్పాను. పళ్లెం మీ ఒళ్లు, గ్లాసు ల్యాబ్ అంటూ ముందు పెట్టుకుని చెప్పాను.

"ఆ కణాలు మీ ఒంట్లోకి రావండీ, అత్తయ్యా!"

"ఎందుకు రావమ్మా? నావేగా?"

"మీవే. కానీ పరీక్షకే."

"నా నరాలు నాకివ్వకుండా వాళ్లే అట్టిపెట్టుకుంటారా? బానే ఉంది!"

మా ఆయన పకపకా నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

మాత్రలు మానేసి వారమైంది. ఇవాళ శనివారం, టీ గ్లాసు ఆమె చేతిలోంచి జారిపోయింది. వేళ్లు ముడుచుకోవడం లేదు. మాత్ర అందిస్తే పెదాలు బిగించారు.

"ఇంకా ఏంటండీ?" అరిచినంత పని చేశాను.

"మింగితే సంపూర్ణమ్మ దొంగ సాక్ష్యం చెప్పిందంటారు. మా చర్చిలో ఆ కృపారాణికి తెలిస్తే ఊరంతా చాటడానికి మైకు అక్కర్లేదు."

ఇన్నాళ్లూ నేను కణాల గురించి గొంతు చించుకున్నాను. ఈవిడ బాధ ఇదా!

"ముందే చెప్పొచ్చు కదండీ! జబ్బు సంగతి తెలుసుకునే దారి దొరికిందని చెప్పండి. అది నిజమేగా?"

"నా రక్తం వల్ల పదిమందికి మేలు జరిగిందని చెప్పనా?"

"జరగొచ్చు అనండి. జరిగింది అనకండి."

"నీతో వేగలేనమ్మా," అంటూ నోరు తెరిచారు. మాత్ర వేసి నీళ్లు తాగించాను.

అత్తయ్యను చూసే రాజమండ్రి డాక్టరుగారికి మా ఆయన ఫోన్ చేస్తే, మాత్ర ఇక మానొద్దనీ, రేపు తీసుకురమ్మనీ అన్నారు.

"ముందు ఆరాధన," అన్నారు అత్తయ్య. "నేను లేచి సరిచేసి చెబుతాను. నువ్వు పక్కనే ఉండి, తప్పు మాట వస్తే గిల్లు. అటునుంచి అటే రాజమండ్రి పోదాం."