ఏరి పెట్టిన బంతులు

టీ కాచి ఫ్లాస్కులో పోసి, అత్తగారి మంచం పక్కన పెట్టి, మాత్రలు మూతలో వేసి ఉంచి, గుమ్మం దాటబోతుంటే ఆవిడ దుప్పట్లోంచే అడిగింది. "ఇంట్లో ఇంత చాకిరీ పెట్టుకుని, ఊళ్ళోవాళ్ళ గడ్డికి నీళ్ళు పట్టడానికి ఇంత పొద్దున్నే పరుగేమిటే?" నా దగ్గర జవాబుంది. చెబితే ఆ మాటలకి మా ఆయన లేస్తారు, లేస్తే ఆయనకీ ఒక టీ, ఆ టీతోపాటు ఒక మాట. "మా ఆవిడ పెద్ద ఆఫీసరండీ, గడ్డి కోయిస్తుంది" అని చుట్టాలందరి ముందూ చెప్పి నవ్వించే మనిషి. మొదట్లో నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే జోకు కూడా అర్థంకాని మొద్దునంటారని.

నిజమే, గడ్డే కోయిస్తాను. మునిసిపాలిటీ గోల్ఫ్ మైదానానికి మేనేజర్ని. ఊరి జనం కట్టిన పన్నులతో పెరిగే గడ్డి అది, ఆడేది మాత్రం కార్లలో వచ్చే కొద్దిమంది. ప్రహరీకి అవతల అన్నీ ఇరుకిళ్ళు. అక్కడి ఆడవాళ్ళు నాలుగడుగులు వేద్దామంటే లారీల రోడ్డు తప్ప దారి లేదు. షుగరుకి నడవమని డాక్టరు చెబితే ఒక పెద్దావిడ మంచం చుట్టూ తిరిగేదట. ఆ మాట విన్నాక నేను పైవాళ్ళ చుట్టూ తిరిగాను. ఆటగాళ్ళు రాకముందు, కోత మిషన్లు నడిచే ఆ ఒక్క గంటా వెనక గేటు తెరవడానికి అనుమతి తెచ్చుకున్నాను. "నడవడానికి కూడా స్కీమా?" అన్నారు మా ఆయన. స్కీమే. పెళ్ళయ్యాక నేను సొంతంగా సాధించింది అదొక్కటే.

వాళ్ళ వెనకే నేనూ నడిచేదాన్ని. మంచుకి చెప్పులు తడిసిపోయేవి. మంచం చుట్టూ తిరిగిన ఆ పెద్దావిడని అందరూ అమ్మమ్మ అనేవాళ్ళు. "నేనింట్లో లేనని ఎవరికీ తెలీదమ్మా, టీ అందకపోతే తప్ప" అనేది నవ్వుతూ. ఆ గంటసేపు నేను ఎవరికీ ఏమీ కాను. భార్యని కాను, కోడల్ని కాను, "మేడమ్, ఏసీ పనిచెయ్యట్లేదు" అని పిలిపించుకునే మేనేజర్నీ కాను. రోజంతటికీ నేను బతికేది ఆ కాసేపే అనిపించేది.

పోయిన వారం పోటీలు పెట్టారు. ఎండెక్కకముందే మొదలుపెడదామని క్లబ్బు సెక్రటరీ ఆటగాళ్ళందరికీ ఫోన్లు చేశాడు, క్యాంటీను వంటవాడికి కూడా. నాకు చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు. ఎప్పటిలాగే గేటు తీసి, ఎరువుల బస్తాలు దిగుతుంటే స్టోరువైపు వెళ్ళి, అట్నుంచే నా గదికి వచ్చాను.

కాసేపటికి అమ్మమ్మా మిగతావాళ్ళూ ఒక సంచీ పట్టుకుని వచ్చారు. సంచీనిండా తెల్లటి బంతులు, మట్టి తుడిచి, ముద్దొచ్చేలా ఉన్నాయి. "ఎవరో ఆడుకుని ఎక్కడివక్కడ పారేసి పోయారమ్మా. ఏరి పెట్టాం" అంది అమ్మమ్మ. గోల్ఫులో బంతి ఎక్కడ పడితే అక్కడినుంచే మళ్ళీ కొట్టాలి. ఎవరైనా దాన్ని ఎత్తుకెళ్తే ఆట చెడినట్టే. ఆటగాళ్ళు దూరంనుంచి బంతులు కొట్టి, కబుర్లాడుకుంటూ తీరిగ్గా నడిచివచ్చేలోపు వీళ్ళు మైదానమంతా సర్దేశారు. మగవాళ్ళు వదిలేసినవి కంటబడితే వంగకుండా ఉండగలిగే నడుము మాలో ఎవరికుంది? నాకు పగలబడి నవ్వొచ్చింది. అంతలో కిటికీలోంచి ఆటగాళ్ళ అరుపులు వినిపించాయి.

మర్నాడు మీటింగు. "ఇది మైదానమా, సంతా?" అన్నాడు సెక్రటరీ. నేను లేచాను. పొద్దుట్నుంచీ నోట్లో తిప్పుకుంటున్న మాటలు. "తప్పు వాళ్ళది కాదండీ. వేళ మారిందని నాకెవరూ చెప్పలేదు. ఈ భూమి ఊరిది, వాళ్ళూ ఈ ఊరివాళ్ళే..." మునిసిపల్ చైర్మన్ గారు ఎంతో మర్యాదగా చెయ్యెత్తారు. "తప్పకుండా మాట్లాడదాం మేడమ్. ముందు ఆ టీల సంగతి కాస్త చూడండి." చూడటానికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ అర్థంకాదు. నా మీద నాకే అసహ్యం వేస్తుంది. కప్పులు సర్దించి, చక్కెర విడిగా పెట్టించి తిరిగొచ్చేసరికి నిర్ణయం అయిపోయింది. రేపట్నుంచి వెనక గేటు మూసెయ్యాలి, ఇక తెరిచేది లేదు. మూసే పని నాది. "టీ చాలా బావుంది మేడమ్" అన్నారు చైర్మన్ గారు.

ఇంటికొచ్చి చెబితే, మా ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా "మంచిదేలే. ఇకనుంచి అమ్మకి టిఫిను కూడా పెట్టి వెళ్ళొచ్చు" అన్నారు. స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. "నీళ్ళన్నీ పోతున్నాయి, కట్టెయ్" అని బయటినుంచి కేకేశారు. కట్టేశాను.

తెల్లారాక తాళంకప్ప పట్టుకుని వెనక గేటు దగ్గరికి వెళ్ళాను. సాయంత్రమే కబురు పంపాను కాబట్టి వాళ్ళు రారనుకున్నాను. వచ్చారు. గేటు బార్లా తెరిచే ఉన్నా ఒక్కరూ లోపలికి అడుగు పెట్టలేదు. తిడతారని సిద్ధపడ్డాను. తిడితే బావుండునని కూడా అనిపించింది.

"మావల్ల నీకు మాటొచ్చింది" అంది అమ్మమ్మ. "నడకదేముందిలే, ఇన్నాళ్ళూ బతకలేదా? నీ ఉద్యోగం పోలేదు కదమ్మా? అది కనుక్కుందామనే వచ్చాం."

"పోలేదు" అన్నాను.

"అదే పదివేలు" అంది. ఆవిడ వెనక ఉన్నవాళ్ళ మొహాలు కూడా నిజంగానే తేటపడ్డాయి.

వాళ్ళు చూస్తుండగానే గేటు మూసి తాళం వేశాను. పోకుండా మిగిలిన నా ఉద్యోగం అదే.