కాడి దింపిన రోజు

ఫొమ్మా కొబ్బరి చిప్పతో నీళ్ళు ముంచి తన గేదె బువా మెడ మీద పోస్తున్నాడు. కాడి ఒరుసుకునే చోట వెంట్రుకలు ఎప్పుడో రాలిపోయాయి. చర్మం పాత చెప్పులా నల్లగా గట్టిపడింది. నడిమధ్యన మాత్రం ఎర్రగా, చెమ్మగా ఉంది. ఈగలు అక్కడే వాలుతున్నాయి. పసుపు కలిపిన నూనెను వేలితో తీసి మెల్లగా రాశాడు. గేదె ఒకసారి చెవి ఆడించి ఊరుకుంది.

"ఇవాళ్టితో సరి," అన్నాడు దాని చెవి దగ్గర.

వంటపాక నుంచి చన్‌పెంగ్ బూడిద తట్టతో వచ్చింది. ఫొమ్మా భార్య నువన్‌కి ఆమె చెల్లెలు. నువన్ పోయి చాలా ఏళ్ళయినా బావను ఆటపట్టించడం మాత్రం మానలేదు.

"ఏం బావా, పెళ్ళికూతుర్ని చేస్తున్నావా దాన్ని?"

"ఊ."

"మా అక్కకి ఏనాడైనా ఇలా నూనె రాశావా?"

"అడగలేదుగా."

"గేదె అడిగిందా మరి?"

ఫొమ్మా నవ్వాడు. నవ్వు దగ్గయింది. ఎడమ పక్కటెముకల మీద అరచెయ్యి పెట్టుకుని, దగ్గు తగ్గేదాకా గేదెకి ఆనుకుని నిలబడ్డాడు.

"చూపించుకోమన్నానా లేదా?"

"రేపు."

"రేపు కొత్త గేదె వస్తుంది. దానికి తొవ్వ నేర్పాలి. నీ రేపుల్లో నీకు చోటుండదు బావా," అని ఆమె బూడిద పారబోసి వెళ్ళిపోయింది.

నామ్ ఖాన్ ఏటి మీద పొగమంచు ఇంకా లేవలేదు. ఏటి గట్టున వెదురు గుడిసెల్లో అతిథులు ఒక్కొక్కరే నిద్ర లేస్తున్నారు. వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో డబ్బు కట్టి వస్తారు. మాతో పాటు పొలంలో దిగి పని చేస్తారు. విత్తనం ఏరడం దగ్గర్నుంచి కొత్త బియ్యం దంచి వండుకుని తినడం దాకా, మా ఊళ్ళో ఏడాది పట్టే పని వాళ్ళకి ఒక్క పూటలో అయిపోతుంది. అందుకోసం ఈ పొలం నడిపే విలయ్ దాన్ని ముక్కలు చేసి పెట్టింది. ఒక మడిలో నారు, ఒక మడిలో పొట్ట పైరు, ఒక మడిలో కోతకొచ్చిన పంట, అన్నీ ఒకేసారి ఉంటాయి.

దున్నడం ఫొమ్మా వంతు. అతనికి విడిచిన మడిలో ఎవరూ ఏమీ నాటరు. ఎండాకాలమైనా కాలవ నీళ్ళు పెట్టి ఉంచుతారు. ఇవాళ ఒక జట్టు దున్నితే రేపు ఇంకో జట్టు దున్నుతుంది. దున్నీ దున్నీ మట్టి పిండిలా అయింది. నాగలి వేస్తే సాలు పడినట్టే పడి వెనకాలే పూడిపోతుంది.

పూర్వం అలా కాదు. వానలు పడితే దున్నేవాళ్ళు, నాట్లు అయితే ఆపేవాళ్ళు. ఆపిన రోజున గేదెకి క్షమాపణ చెప్పుకోవడం మా ఆచారం. దెబ్బలు తిన్న గొడ్డు జీవం బెదిరి, ఒంట్లోంచి వెళ్ళిపోయి పొలాల వెంట తిరుగుతూ ఉంటుంది. దాన్ని పేరు పెట్టి పిలవాలి. అరటాకు దొన్నెలో పువ్వులు, ఉడికించిన గుడ్డు, జిగట అన్నం ముద్ద, లేత గడ్డి పెట్టి, కొమ్ములకి తెల్ల నూలు కట్టి, కొట్టినందుకు మన్నించమనాలి. ఇక కాడి పెట్టనని మాట ఇవ్వాలి. మళ్ళీ వానలొచ్చే దాకా ఆ మాట దాటకూడదు. ఫొమ్మా ఇంట్లో ఆ మాటలు నువన్ చెప్పేది. అతను నూలు కట్టేవాడు. బువా ఆ ఇంట్లోనే పుట్టింది. దాని మొదటి దుక్కి అయిన ఏడే నువన్ పోయింది. పిల్లలు లేరు.

తర్వాత ఊళ్ళోకి చేతి ట్రాక్టర్లు వచ్చాయి. గేదెల్ని ఒక్కొక్కరే మాంసానికి అమ్ముకున్నారు. ఫొమ్మా వాకిట్లోనూ బేరగాడు రెండుసార్లు నిలబడ్డాడు. అప్పుడే విలయ్ పట్నం నుంచి తిరిగొచ్చి ఈ పొలం పెట్టింది. నాగలి కట్టే గేదె కావాలని ఊరంతా వెతికితే మిగిలింది బువా ఒక్కటే. అలా గేదె బతికింది. దాని వెనకాలే అతనూ వచ్చాడు.

మొదటి ఏడు నాట్లయ్యాక అతను ఆచారం ప్రకారం నూలు కడుతుంటే అతిథులు చుట్టూ చేరారు. కొందరి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. విలయ్ ఆ సాయంత్రం వచ్చి అడిగింది. "మామా, ఇది రోజూ చేద్దామా? వాళ్ళు ఇంకేదీ ఇంతగా చూడలేదు." అతను సరేనన్నాడు. ఆ పిల్ల వల్లేగా గేదె మిగిలింది.

అప్పట్నుంచి రోజూ దుక్కి కాగానే కొమ్ములకి నూలు కడతాడు. ఇక కాడి పెట్టనంటాడు. మర్నాడు ఆ నూలు తెంపేసి కాడి పెడతాడు. మొదట్లో నాలుక తడబడేది. తర్వాత మాటలు వాటంతటవే వచ్చేవి. ఆ మాటలు చెప్పేటప్పుడు గేదె ముఖం వైపు చూడటం మాత్రం మానేశాడు.

ఈ మధ్య బువా ముందు మోకాళ్ళు మడత పడుతున్నాయి. ఒకరోజు మడి మధ్యలో కూలబడి లేవలేకపోయింది. ఫొమ్మా ఏనాడూ ఎక్కని విలయ్ ఇంటి మెట్లెక్కి చెప్పాడు. "దీన్ని వదిలెయ్ తల్లీ." విలయ్ చెడ్డది కాదు. పైఊరి నుంచి కొత్త గేదెని మాట్లాడింది. అది రేపు వస్తుంది. బువా ఇక కొండవాలు బీడులో విడిగా తిరుగుతుంది. ఇవాళ చెప్పే మాట నిజం మాట.

పొద్దున్నే వచ్చిన జట్టు దున్నింది. ఒక లావుపాటాయన నాగలి మేడి పట్టుకుని నాలుగడుగులు వేసి బోర్లా పడ్డాడు. లేచి, బురద ముఖంతో ఫొమ్మాని కావలించుకున్నాడు. అతని భుజం మీంచి ఫొమ్మా గేదె కాళ్ళనే చూస్తున్నాడు. ముందు కాలు వణుకుతోంది. చెర్నాకోల ఎత్తలేదు. నాలుకతో చప్పుడు చేసి, మెల్లగా, ఆపి ఆపి నడిపించాడు.

దుక్కి అయ్యాక కాడి దింపాడు. గేదెని ఏట్లో కడిగి చింతచెట్టు కింద కట్టాడు. దొన్నె తెచ్చి ముందు పెట్టాడు. అతిథులు అర్ధచంద్రంలా కూర్చున్నారు. ఫొమ్మా మోకాళ్ళ మీద కూర్చుని గేదె కళ్ళలోకి చూశాడు.

"బువా, నిన్ను కొట్టాను. ఎండలో నడిపించాను. నువ్వు దప్పికగా ఉంటే నేను ముందు తాగాను. మన్నించు. ఏటి దగ్గర తిరిగే జీవమా, బురదలో చిక్కుకున్న జీవమా, వచ్చెయ్. కొమ్ముల్లోకి రా. గిట్టల్లోకి రా. దున్నడం అయిపోయింది."

అక్కడ ఆగాడు. రోజూ ఆగేవాడు కాదు. వంటపాక గుమ్మంలో చన్‌పెంగ్ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ఇక నీ మెడ మీద కాడి పెట్టను."

కొమ్ములకి నూలు కట్టాడు. గేదె జిగట అన్నం ముద్ద తిని, అతని చొక్కా అంచు నాకింది. అతిథులు చప్పట్లు కొట్టారు. ఫొమ్మా కాడిని కడిగి, ఆరబెట్టి, కొట్టం అటక మీద పెట్టాడు. చాలా కాలం తర్వాత అన్నం మీద ఆకలి పుట్టింది. వంటపాక వైపు నడిచాడు.

అప్పుడే గేటు ముందు వ్యాను ఆగింది. విలయ్ పరుగులాంటి నడకతో ఎదురొచ్చింది.

"మామా, ఒక్క జట్టు. పొద్దున రావాల్సినవాళ్ళు, వాళ్ళ పడవ దారిలో చెడిపోయిందట. సాయంత్రమే తిరిగి వెళ్ళిపోవాలి. అందులో ఒక పెద్దావిడ దున్నడం కోసమే వచ్చింది."

ఫొమ్మా తడి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు.

"నీతోనే మామా."

"కాడి అటకెక్కించాను."

"దించితే దిగదా?"

"మాటిచ్చాను."

"ఎవరికి?"

అతను చింతచెట్టు వైపు చూశాడు. విలయ్ కూడా అటు చూసి, గొంతు తగ్గించింది.

"నేనూ ఇచ్చాను మామా, వాళ్ళకి. ఒక్క సాలు. అంతే."

"రేపు కొత్తది వస్తుందిగా."

"రేపు వాళ్ళుండరు." ఆమె పొద్దుట్నుంచీ తిరిగి తిరిగి అలిసిపోయి ఉంది. అలుపులో మాట జారింది. "రోజూ కడుతున్నావుగా నూలు. రోజూ పెడుతున్నావుగా కాడి. ఇవాళే గుర్తొచ్చిందా మాట?"

ఆ మాట తగిలింది.

"రోజూ ఆడింది ఆట తల్లీ," అన్నాడు. "ఇవాళ ఆడలేదు."

కొట్టంలోకి వెళ్ళి కాడి దించాడు. విలయ్ ఊపిరి పీల్చుకుని అతిథుల్ని పిలవడానికి వెళ్ళింది. ఫొమ్మా కాడిని భుజాన వేసుకుని నడిచాడు. చింతచెట్టు దగ్గర ఆగలేదు. నేరుగా మడిలో దిగాడు. నాగలికి పలుపు బిగించాడు. వంగి, కాడిని తన మెడ మీదకి తీసుకుని, రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు.

విలయ్ గట్టు మీద నిలబడిపోయింది. "మామా, ఏంటిది? దిగు... పైకి రా."

"దున్నడం కావాలన్నావు. దున్నించు."

"నేనేదో అన్నాను మామా. వదిలెయ్."

"ఒక్క సాలేగా."

అతిథులకి ఆ మాటలు తెలియవు. ఇదొక వేడుక అనుకున్నారు. నవ్వుతూ ఫోన్లు ఎత్తారు. నెరిసిన జుట్టు పెద్దావిడ ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి మడిలో దిగింది. అతని మెడ మీద కాడి చూసి ఆగి, తల అడ్డంగా ఊపింది. ఫొమ్మా వెనక్కి తిరిగి, మేడి పట్టుకోమని గడ్డంతో సైగ చేశాడు. పొద్దున గేదె కోసం చేసిన నాలుక చప్పుడే చేశాడు. ఆమె పట్టుకుంది.

నాగలి కదిలింది. బురద పిక్కల దాకా పట్టుకుంది. పుట్టినప్పట్నుంచీ నాగలి వెనక నడిచినవాడికి ముందు నడవడం ఇదే మొదలు. మట్టి పిండిలా ఉందని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. లాగితే తెలిసింది ఎంత బరువో. కాడి అంచు మెడ ఎముక మీద ఒరుసుకుంటోంది. అడుగు తీసి అడుగు వేస్తున్నాడు. గట్టు మీద నవ్వులు తగ్గుతూ వచ్చి పూర్తిగా ఆగిపోయాయి. అవతలి గట్టు చేరేదాకా అతను ఆగలేదు.

చింతచెట్టు కింద బువా నెమరు వేస్తోంది. అది ఇటు చూడలేదు.

పెద్దావిడే వచ్చి కాడి దించింది. అతన్ని చెయ్యి పట్టి గట్టు మీద కూర్చోబెట్టింది. వంటపాకకి వెళ్ళి ఐసు వేసిన నిమ్మగడ్డి నీళ్ళు గాజు గ్లాసులో తెచ్చి చేతికిచ్చింది. ఫొమ్మా రెండు చేతులతో అందుకుని, తల వంచి, పక్కన పెట్టుకున్నాడు. ఆమె తన గుండెల మీద చెయ్యి పెట్టుకుని ఏదో అంది. అతనికి అర్థం కాలేదు. అయినా తలూపాడు. విలయ్ దగ్గరకొచ్చి కూర్చోబోయింది.

"వెళ్ళు. వాళ్ళకి విత్తడం చూపించు," అన్నాడు. "నేను ఊపిరి తీసుకుని వస్తాను."

వాళ్ళు కింది మడికి వెళ్ళిపోయారు. విలయ్ మాటలూ అతిథుల మాటలూ కాసేపు వినిపించాయి. ఎండ వాలింది.

చన్‌పెంగ్ వంటపాక గుమ్మంలోంచి కేకేసింది. "బావా, అన్నం చల్లారిపోతోంది."

పలకలేదు.

"ఆ అమ్మాయి మీద అలిగావా, నా కూర మీదా?"

పలకలేదు. ఆమె చేతులు తుడుచుకుంటూ గట్టు వెంట నడిచొచ్చింది. "ఈ వయసులో నాగలి లాగావు, ఇప్పుడు మూగనోము పట్టావు. మా అక్క ఉంటే చెప్పేది నీ పని," అంటూ భుజం మీద చెయ్యి వేసింది. భుజం చల్లబడి ఉంది. ఆ చెయ్యి తీయలేదు. పక్కనే కూర్చుంది. అరవలేదు. కట్టుబట్ట అంచు తడిపి, అతని మెడ మీద కాడికి చర్మం లేచిపోయిన చోట బురద తుడిచింది. తర్వాత పాదాలు తుడిచింది. అప్పుడు విలయ్‌ని పిలిచింది.

గుడిసె తలుపు ఊడదీసి దాని మీద పడుకోబెట్టి మోసుకెళ్ళారు. విలయ్ ముందు కొసన పట్టింది. ఎవరు వద్దన్నా వినలేదు. పెద్దావిడ చెప్పుల్లేకుండా వెనకాలే నడిచింది. వాళ్ళ వ్యాను ఆ సాయంత్రం కదలలేదు.

గట్టు మీద గ్లాసు అలాగే ఉంది. ఐసు కరిగిపోయినా నీళ్ళు అంచు దాకా అలాగే ఉన్నాయి. గ్లాసు బయట అతని బురద వేళ్ళ గుర్తులు చెమ్మకి కరిగి, ఒక్కొక్కటే కిందికి జారుతున్నాయి.