కృతజ్ఞతల పేజీ

అచ్చయి వచ్చిన పుస్తకాన్ని చివరి నుంచి మొదటికి సరిచూడడం ప్రొఫెసరుగారి అలవాటు. స్కేలు ఆనించి ఒక్కో పాదసూచికా చూసుకుంటూ, పదిన్నరకల్లా కృతజ్ఞతల పేజీకి వచ్చి కొయ్యబారిపోయారు.

"సరిహద్దు అవతల ఎడమచేత్తో గడియారాలు బాగుచేసే మిత్రుడికి" అని ఉందక్కడ. రాసింది తనే.

పొరుగుదేశపు జైళ్లలో చిత్రహింసలు, అన్నీ తెలిసీ వాళ్లకు ఆయుధాలమ్మే సొంత ప్రభుత్వపు విదేశాంగ విధానం: ముప్పై ఏళ్లుగా ఆయన చదువు ఇదే. సాక్షుల పేర్లు కాగితం మీద పెట్టి ఎరగరు. అందరూ అంకెలే. ఇంట్లో భార్య కూడా "మీ ఏడోవాడు క్షేమమేనా?" అనే అడుగుతుంది. లోపల అంత జాగ్రత్తగా దాచిన ఆ ఏడోవాణ్ణి మొదటి పేజీలో ప్రేమకొద్దీ పట్టిచ్చేశారు. సరిహద్దు అవతలి ఆ చిన్న ఊళ్లో అలాంటి మనిషి ఒక్కడే.

ప్రెస్సుకు ఫోను చేసి బైండింగు ఆపించారు.

"ఆ పేజీ ఎవరు చదువుతారు సార్?" అన్నాడు మేనేజరు.

"చదివేవాళ్లున్నారయ్యా. వాళ్ల ఉద్యోగమే అది. బయటికేమైనా వెళ్లాయా?"

"మీకొకటి, విదేశాంగ శాఖకి రెండు. ఆనవాయితీ కదా, పొద్దున్నే పంపేశాం."

ఆ శాఖకు చేరిన కాగితం సాయంత్రానికి పొరుగు రాయబారి చేతిలో ఉంటుందని అదే పుస్తకంలో రుజువు చేశారాయన. భార్య చేతిలో పెట్టిన క్యారేజీతో ఉన్నపళాన బయల్దేరారు.

అక్కడి కార్యదర్శి ఒకప్పటి శిష్యుడు. బల్ల మీద పార్సిలు, టేపు ఊడలేదు. ప్రొఫెసరుగారికి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే ఇంకో సంగతి తట్టింది. కారణం చెబితే ముందు తెరిచేది ఆ పేజీనే.

"ఇది వెనక్కి తీసుకెళ్తాను బాబూ. తప్పు దొర్లింది."

"మీకా? ఒక్క పాదసూచిక తప్పిందని నన్ను ఫెయిల్ చేశారు సార్ మీరు." నవ్వుతున్నాడు గానీ, అతని గోరు టేపు అంచును గీరుతోంది. "ఏం తప్పో చూద్దాం ఉండండి."

"చూడక్కర్లేదు. పుస్తకమంతా తప్పే."

గోరు ఆగింది. "అయితే ఆ మాటే రాసివ్వండి."

ముప్పై ఏళ్లు కళ్లముందే నేలపాలవుతుంటే ఆయన జేబులోంచి పెన్ను తీశారు. ఇందులోని ఆధారాలు నమ్మదగినవి కావనీ, పుస్తకాన్ని ఉపసంహరించుకుంటున్నాననీ రాసి సంతకం చేశారు. ఇది రాసినవాడు ఇక తరగతి గదిలో నిలబడలేడని ఆయనకు తెలుసు.

పార్సిలును పొట్టకు అదుముకుని, మెట్లు దిగి, జనంలో కలిసిపోయారు. పైన, ఆయన కూర్చున్న కుర్చీ కింద, భార్య కట్టిచ్చిన క్యారేజీ మూతైనా తీయకుండా అలాగే ఉండిపోయింది.