కేక ఆగిన గది

నానిన గోగునార వాసన.

జనం ముక్కు మూసుకునేవారు. నాకు మాత్రం... అది నా పెళ్లాం గున్నమ్మ వాసన.

పెళ్లైన కొత్తలో ఆ నారతో తాడు పేనాను. దూలానికి కట్టాను. నొప్పులొచ్చినప్పుడు గున్నమ్మ దాన్ని పట్టుకుని వేలాడేది.

నేను అరుగు మీద. వినేవాణ్ని.

కేక మీద కేక వస్తే బిడ్డ దారిలో ఉన్నట్టు.

కేక ఆగిపోతే —

ఆగకూడదు. అంతే.

కన్నాక నన్ను చూసి నవ్వేది. "నాను బతికింది నీ తాడు వల్ల మావా. నీ వల్ల కాదు."

ఆ మాట అనడానికి ఇప్పుడు మనిషి లేదు.

మనవరాలు సుహాసినికి ఇది రెండో కాన్పు. దాని వెన్ను పుట్టుకతోనే కాస్త వంకర. మొదటిసారి నొప్పి తెలియకుండా వెన్నులో మందిచ్చారు. మందు ఒక పక్కకే పోయింది. ఎడమ పక్క మొద్దుబారింది... కుడి పక్క మండిపోయింది. ఇంకో బిడ్డ వద్దే వద్దంది చాన్నాళ్లు.

ఈసారి విజయనగరం ఆసుపత్రి. దాని తల్లి, నా కూతురు రాజకుమారి కాన్పు గదిలోంచి వచ్చి చెప్పింది, మత్తు డాక్టరమ్మ వీపు మీద స్కాన్ పెట్టిందని.

"బిడ్డ కడుపులో ఉంటే ఈపు మీద ఎతుకుతారేటే?" అన్నాను.

రాజకుమారి నవ్వింది. లోపల సుహాసిని కూడా నవ్వింది.

వెతికేది బిడ్డను కాదంట. ఎముకల మధ్య సందును. మునుపు చేత్తో తడిమి సూది వేశారు. ఇప్పుడు వెన్ను ఎటు ఒరిగిందో తెర మీద చూసి, పెన్నుతో గుర్తు పెట్టి, అప్పుడు సూది.

రాజకుమారి లోపలికెళ్లింది. తలుపు మూసుకుంది.

కేకలు... కాసేపు.

తరవాత లేవు.

ఫ్యాను తిరుగుతోంది. ఎక్కడో ట్రాలీ చక్రం. ఎక్కడో కుళాయి.

కేక లేదు.

మందు పట్టిందో... ఇంకేమైనా అయిందో. నా చెవికి ఆ తేడా తెలియదు. ఆ చెవి పాతది.

లేచాను. తలుపు మీద చెయ్యి పెట్టాను. తట్టలేకపోయాను.

లోపల్నుంచి సుహాసిని గొంతు. నింపాదిగా —

"అమ్మా, తాత టీ తాగీసినాడా? పంచదార ఎయ్యొద్దని సెప్పు."

నొప్పుల మధ్య ఆడమనిషి పంచదార మాట ఎత్తడం... నా బతుకులో వినలేదు.

రాజకుమారి తలుపు తీసింది. బిడ్డ ఇంకా రాలేదంది. టీ తాగావా అంది.

"లేదే," అన్నాను.

"పంచదార ఎయ్యకుండా తే."