పదకొండో నిబంధన

రామ్మోహన్ డాక్టరుగారు కువైత్‌లో ఉన్నన్నాళ్లూ తెలుగు సంఘానికి ఆయనే పోషకుడు. అభిమానం కొద్దీ సభ్యులు పదకొండో నిబంధనలో ఆయనకు రాజుగారి అధికారాలే రాసిచ్చారు: కార్యవర్గాన్ని రద్దు చేయడం, కారణం చెప్పకుండా ఎవరినైనా తప్పించడం, ఎవరినీ అడగకుండా సంఘం పేరిట ఉత్తరాలివ్వడం. ఆయన ఏదీ సొంతంగా వాడలేదు. అధ్యక్షులు చూపిన చోట నవ్వుతూ సంతకం పెట్టేవారు. ఆయన హైదరాబాదు వెళ్లిపోయాక పోషక పదవిని తీసేశారు. అధికారాలు మాత్రం అధ్యక్షుల చేతికి వచ్చాయి.

ఆ కుర్చీ కోసం పోటీపడి రాజ్యశ్రీ తొమ్మిది ఓట్లతో ఓడిపోయింది. గెలిచింది శ్రేయ.

ఇద్దరూ బ్నీద్ అల్ గార్‌లో ఒకే బిల్డింగు. శ్రేయ మాట్లాడితే జనం కుర్చీలు ముందుకు జరుపుకునేవారు. రాజ్యశ్రీ మాట్లాడితే ఫోన్లు తీసేవారు. లిఫ్టులో శ్రేయ సెంటు వాసన తగిలినా ఆమెకు కడుపులో మండేది. గెలిచిన రెండో నెలలోనే శ్రేయ ఆమెను సాంస్కృతిక విభాగం నుంచి తప్పించింది. కారణం లేదు. ఒక్క మెసేజ్, అంతే.

రాజ్యశ్రీ షర్క్‌లో ఒక లాయరు ఆఫీసులో అనువాదకురాలు. ఆ వారమంతా కూర్చుని సవరణ రాసింది. రద్దు అధికారం సర్వసభ్య సమావేశానికే ఉండాలి. తప్పిస్తే కారణం చెప్పాలి. ఉత్తరం మీద ముగ్గురు కార్యవర్గ సభ్యుల సంతకాలుండాలి.

"నువ్వు రూలు మారుస్తున్నావా, శ్రేయ మీద కసి తీర్చుకుంటున్నావా?" అన్నాడు ఆమె భర్త రాఘవ.

"రెండూనండీ," అంది.

సమావేశంలో మాత్రం ఒక్కటే చెప్పింది. "డాక్టరుగారిని నమ్మి ఇచ్చాం. ఆయన వెళ్లిపోయారు, అధికారం కుర్చీలోనే ఉండిపోయింది. రేపు అందులో ఎవరు కూర్చుంటారో మనకు తెలుసా?"

ఈసారి ఎవరూ ఫోను తీయలేదు. సవరణ గెలిచింది. మరుసటేడు ఆమే అధ్యక్షురాలైంది.

ఒక గురువారం పొద్దున జహ్రా నుంచి మునిలక్ష్మి ఫోన్ చేసింది. అక్కడొక ఇంట్లో పనిచేస్తోంది, ఊరు రాయచోటి దగ్గర. "మాయమ్మకు శానా సీరియస్సంట మేడమ్. మామా, మా ఇంటి యజమానమ్మ, పొమ్మనింది. పాస్‌పోర్టు యాడ పోయిందో కనపళ్లేదు. మీ సంఘం లెటరుంటే ఎంబసీలో బిరీన పనైతాదంటున్నారు. పన్నెండు లోపల కావాలంట."

రాజ్యశ్రీ నిమిషాల్లో ఉత్తరం టైపు చేసింది. తన సంతకం ఒక్కటే చెల్లదు. ఒకరు మీటింగులో, ఒకరు ఎడారిలో సైటు మీద, మరొకరి ఫోను స్విచ్చాఫ్. తను రాసిన రూలే తన చేతులు కట్టేసింది. చివరికి పళ్లు కొరుక్కుంటూ శ్రేయకు ఫోన్ చేసింది. ఆమె ఇప్పుడు కార్యవర్గంలో మామూలు సభ్యురాలు.

"ఉత్తరం పట్టుకుని కిందికి రా. మిగతాది నేను చూస్కుంటా," అంది శ్రేయ.

తన సంతకం పెట్టి, కారులో తిరిగి మీటింగులో ఉన్నాయన్ను బయటికి పిలిపించి ఇంకోటి పెట్టించింది. పదకొండున్నరకు ఎంబసీ ముందు మునిలక్ష్మి, ఉత్తరం అందించిన శ్రేయ చేతులు పట్టుకుని, "నీ పుణ్యమక్కా," అని ఏడ్చింది. పక్కనే నిలబడ్డ రాజ్యశ్రీ మాత్రం మేడమ్‌గానే మిగిలింది. ఆ పిల్ల పని అయినందుకు ఊరటగా ఉంది. అయినా ఆ 'అక్కా' ముల్లులా గుచ్చుకుంది.

తరువాతి సమావేశంలో వసీమ్ అనే సభ్యుడు లేచాడు. "ఉత్తరాల అధికారం మళ్లీ అధ్యక్షులకే ఇద్దాం. మేడమ్ లాంటివాళ్లున్నప్పుడు భయమెందుకు?"

తలలూగాయి. వద్దనాల్సిన అవసరమేమీ రాజ్యశ్రీకి కనిపించలేదు. అంతలో ముందు వరుసలో శ్రేయ కనపడింది. వచ్చే ఏడు ఆమేనని జనం అప్పుడే అనుకుంటున్నారు.

"వద్దు," అంది రాజ్యశ్రీ. "ముగ్గురూ దొరక్కపోతే ఫోనులో ఒప్పుకోలు చాలు. ఒక్కరి చేతికి మాత్రం వద్దు."

అందరికంటే ముందు చెయ్యెత్తి బలపరిచింది శ్రేయ.

లిఫ్టులో ఇద్దరే మిగిలారు. "నువ్వెందుకు ఒప్పుకున్నావ్?" అని అడిగింది రాజ్యశ్రీ.

"నీ చేతుల అంత అధికారం ఉంటే నాకు నిద్ర పడ్తదా?" అంది శ్రేయ, నవ్వకుండానే.

ఇన్నేళ్లూ ఆ మంట తన ఒక్కదానిదే అనుకుంది రాజ్యశ్రీ. తేలికపడ్డ మనసుతో ఇంటికి వెళ్లి, రాఘవ అడగకుండానే, తనకూ అతనికీ రెండు కప్పుల టీ పెట్టింది.