లప్పం స్టూరె ట్రక్కు బేరం

ఓపల్ క్రాట్కీ షెడ్డు తలుపు తీసి, "ఇదిగోనయ్యా, ఇదే" అంటూ వెనక్కి తిరిగేసరికి మనిషి లేడు. పాత ఫోర్డు ట్రక్కు కిందినుంచి రెండు బూట్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. సముద్రం దాటి స్వీడన్ నుంచి వచ్చిన స్టూరె నీబెర్గ్ ఇంకా ఆవిడకు నమస్కారమైనా చెప్పలేదు.

"ఏవయ్యా, దాని ముఖం ఇటువైపుంది" అంది ఓపల్. ఎనభై దాటిన మనిషి, గొంతు మాత్రం పక్క పొలానికి వినిపిస్తుంది.

"ముఖం ఫొటోలో చూశానమ్మా" అన్నాయి బూట్లు. "ముఖం చూసి ఒకసారి మునిగాను."

ఎలా మునిగాడో వాళ్ల ఊళ్లో అడిగితే ఎవరైనా చెబుతారు. స్వీడన్‌లోని డాలర్నా ప్రాంతంలో స్టూరెది టైర్ల కొట్టు. అక్కడి జనానికి పాత అమెరికా బళ్లంటే పిచ్చి. బుధవారం సాయంత్రం పెట్రోలు బంకు పక్కన సాసేజీల బడ్డీ దగ్గర అందరూ బళ్లు నిలబెట్టి ఒకరి బండి కింద ఒకరు దూరుతుంటారు. మూడేళ్ల కిందట స్టూరె ఫొటోలు చూసి మురిసిపోయి ఒక ఎర్ర ట్రక్కు తెప్పించుకున్నాడు. ఓడ దిగిన ట్రక్కు తళతళలాడుతోంది. బుధవారం నాడు అందరిముందూ గర్వంగా దాని తలుపు మీద అయస్కాంతం పెట్టాడు. అది టప్పున కింద పడింది. ఇంకోచోట పెట్టాడు, అక్కడా పడింది. తుప్పు తినేసిన చోటల్లా లప్పం మెత్తి పైన రంగు కొట్టారన్నమాట. బెంగ్ట్ అనే స్నేహితుడు వేలితో పొడిస్తే వేలు లోపలికి దిగిపోయింది. ఆ రోజుతో అతను లప్పం స్టూరె అయిపోయాడు. బెంగ్ట్ కూతురి పెళ్లి శుభలేఖ మీద కూడా ఆ పేరే రాసి పంపించారు.

అందుకే ఈసారి స్వయంగా వచ్చాడు. మళ్లీ లప్పం ఎత్తుకెళ్లినా, ఉత్త చేతులతో వెళ్లినా ఆ పేరు తన సమాధి రాయి దాకా వస్తుందని అతని భయం. కాన్సాస్‌లో చూసిన మొదటి ట్రక్కుకి అయస్కాంతం అంటలేదు. రెండోదానికి అంటింది గానీ, కింద చట్రం బిస్కెట్టులా విరిగి చేతికొచ్చింది. ఎల్లుండి తిరుగు విమానం. ఇక మిగిలింది నెబ్రాస్కాలో ఈ ఆకుపచ్చ ట్రక్కు ఒక్కటే.

గంటసేపు చూశాడు. గుడ్డలో చుట్టిన అయస్కాంతం ఎక్కడ పెట్టినా గబుక్కున అతుక్కుంది. చట్రం నిండా దుమ్ముంది గానీ తుప్పు లేదు. ఆ కంకర రోడ్ల మీద చలికాలంలోనూ ఉప్పు చల్లరు మరి. వెనక తొట్టిలో చెక్కపలకలు కూడా ట్రక్కు తయారైన యాభై ఆరునాటివే. స్టూరె గుండె దడదడలాడింది, ముఖంలో మాత్రం ఒక్క గీత కదలలేదు.

"నచ్చిందా?" అంది ఓపల్.

"పర్వాలేదు."

ఆవిడకు ఒళ్లు మండింది. వాళ్ల దేశంలో అంతకు మించిన పొగడ్త లేదని ఆవిడకేం తెలుసు? పెళ్లినాడు భార్య ముస్తాబై వచ్చి ఎదురుగా నిలబడినప్పుడు కూడా స్టూరె అన్న మాట అదే.

"పర్వాలేదా! మా ఆయన ఎమిల్ యాభై రెండేళ్లు నడిపాడు దీన్ని. పోయి పద్నాలుగు నెలలైంది. అప్పట్నుంచి నెలకోసారి ఇక్కడే ఇంజన్ ఆడించి ఆపేస్తున్నాను, గడప దాటనివ్వలేదు. ఒమాహా నుంచి ఒకడొచ్చి తన హోటల్ ముందు బొమ్మలా నిలబెడతానన్నాడు. తరిమేశాను. నువ్వేమో పర్వాలేదంటావు. సరే, నడిపి చూడు. ధాన్యం గోదాముల దాకా వెళ్లి రా, పదకొండు మైళ్లు. తాళంచెవి దానికే ఉంటుంది, మేమెప్పుడూ తియ్యం."

మొదటి మైలు స్టూరెకి స్వర్గమే. ఇంజను గురగురమంటోంది, అటూ ఇటూ మొక్కజొన్న, అద్దం కింద ఎమిల్ తొడుక్కున్న తోలు చేతితొడుగులు, టోపీ. అంతలో ఎదురుగా ఒక బండి వచ్చింది. దాన్ని నడిపే మనిషి స్టీరింగు మీంచి చూపుడువేలు పైకెత్తి, చూసి, వెళ్లిపోయాడు.

స్టూరె బ్రేకు మీద కాలు వేశాడు. వాళ్ల ఊళ్లో ముక్కూ మొహం తెలియనివాణ్ని పలకరించాలంటే ఎవరో ఒకరు నీళ్లలో మునిగిపోతుండాలి. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడే జనం. అలాంటిది ఎదురొచ్చినవాడు సైగ చేశాడంటే రోడ్డు మీద దుప్పి అయినా ఉండాలి, బండిలో లోపమైనా ఉండాలి. దుప్పి లేదు. స్టూరె బండి ఆపి దిగి నాలుగు టైర్లూ తన్ని చూశాడు. బాగానే ఉన్నాయి.

ఇంకో మైలు వెళ్లాక కారులో ఎదురొచ్చిన ఒకావిడ వేలెత్తింది. దిగి బానెట్టు తెరిచాడు. ఆ తర్వాత ధాన్యం లారీవాడు, వాడి వెనక ఇంకొకడు, ఆపైన పాల వ్యానువాడు. చివరికి ట్రాక్టరు మీద ఒక ముసలాయన వంగి చూసి మరీ వేలెత్తాడు. ఇక స్టూరెకి చెమటలు పట్టాయి. ఊరు ఊరంతటికీ తెలిసిన లోపమేదో తనొక్కడికే కనిపించడం లేదు! ఈసారి కల్వర్టు పక్కన ఆపి, వెల్లకిలా పడుకుని, ట్రక్కు కిందికి దూరి అంగుళం అంగుళం అయస్కాంతం పెట్టడం మొదలుపెట్టాడు.

షెరీఫ్ ఆఫీసులో పనిచేసే లైల్ వచ్చి పట్టుకున్నది ఆ భంగిమలోనే.

"బయటికి రావయ్యా. ఎమిల్ ట్రక్కులో ఏం పీకుతున్నావు?"

లైల్ కారు ముందు, స్టూరె ట్రక్కు వెనక, అలా ఊరేగింపుగా ఓపల్ ఇంటికి చేరారు. ఆవిడ ఫోను చేత్తో పట్టుకునే వాకిట్లో నిలబడి ఉంది.

"ఏం మనిషివయ్యా నువ్వు! ఆరు ఫోన్లొచ్చాయి నాకు!"

"ముందు నువ్వు చెప్పమ్మా!" స్టూరె జీవితంలో మొదటిసారి గొంతు పెంచాడు. "దీనికేదో రోగముంది. ఎదురొచ్చిన ప్రతివాడూ వేలెత్తి చూపిస్తున్నాడు. లప్పం ఎక్కడ పూశారు?"

లైల్ కాసేపు అర్థంకాక చూసి, తర్వాత కారుకి ఆనుకుని పొట్ట పట్టుకున్నాడు. "అది పలకరింపయ్యా బాబూ! ఈ రోడ్డు మీద ఎవరెదురొచ్చినా వేలెత్తుతాం. అవతలివాడు తిరిగి ఎత్తుతాడు. ఎత్తలేదంటే దొంగబండే."

"తెలియనివాళ్లక్కూడానా?"

"తెలియనివాడు ఇక్కడ ఎక్కడున్నాడూ? నువ్వొక్కడివే."

ఓపల్ నవ్వలేదు. మెట్టు మీద కూర్చుంది.

"దొంగ అని కాదు లైల్. ఆరుగురూ ముందొకటే మాటన్నారు. ట్రక్కు చూసి, ఎమిల్ వస్తున్నాడని వేలెత్తాం ఓపల్ అన్నారు. ఎత్తాక గుర్తొచ్చిందట, లేడని. యాభై రెండేళ్లలో ఈ ట్రక్కు ఎవరికీ తిరిగి పలక్కుండా వెళ్లింది లేదు. ఇవాళ ఆరుగురి ముందునుంచి మొహం తిప్పుకుని పోయింది." ఫోను ఒళ్లో పడేసింది ఆవిడ. "దీన్ని నేనమ్మను. వెళ్లవయ్యా."

స్టూరె చాలాసేపు బూట్లు చూసుకున్నాడు. ఓదార్చడం అతనికి చేతకాదు. ట్రక్కు పోయింది, లప్పం పేరు ఖాయమైంది, అది తెలుస్తూనే ఉంది. కానీ అంతకంటే ఆ ముసలావిడ అలా కూర్చోవడం అతనికి ఎక్కువ కష్టంగా ఉంది.

"అమ్మొద్దులే అమ్మా" అన్నాడు చివరికి. "కానీ పద, ఇద్దరం వెళ్దాం. ఆ ఆరుగురికీ పలికి వద్దాం."

ఆ ఆరుగురినీ మళ్లీ రోడ్డెక్కమని లైల్ రేడియోలో కబురు పెట్టాడు. ఓపల్ స్కార్ఫు తలకు కట్టుకుని ఎక్కింది.

మొదటి బండి ఎదురు రాగానే స్టూరె చెయ్యంతా పైకెత్తి ఊపాడు.

"ఎన్నికల్లో గానీ నిలబడ్డావా? ఒక్క వేలయ్యా! చెయ్యి స్టీరింగు వదలకూడదు."

రెండోవాడికి అరమైలు ముందే ఎత్తాడు.

"అతనింకా ఆవుల దగ్గరే ఉన్నాడు, దించు దించు!"

మూడోది పాల వ్యాను. ఎత్తేసరికి అది దాటిపోయింది. నాలుగోసారికి కుదిరింది. వేలు తేలిగ్గా లేచింది, ఎదుట కూడా లేచింది. స్టూరె చెవులు ఎర్రబడ్డాయి. ఏదో తప్పుపని చేసినట్టు అటూ ఇటూ చూశాడు, మళ్లీ చేయాలనిపించింది. అయిదో ఆవిడ వేలెత్తి, కళ్లు తుడుచుకుంది. చిట్టచివర ట్రాక్టరు ముసలాయన. స్టూరె వేలెత్తగానే ఆయన ట్రాక్టరు పూర్తిగా ఆపేసి, టోపీ తీసి గుండెకు పెట్టుకున్నాడు. ఓపల్ పక్కనుంచి తన వేలూ ఎత్తింది. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉంది, మధ్యమధ్య అతని అరమైలు వేలు తలచుకుని నవ్వుతూనే ఉంది.

వంటింట్లో గసగసాల బన్ను పెట్టి కాఫీ పోసింది. కప్పు అడుగు కనిపించేంత పలచటి కాఫీ, స్టూరె కిమ్మనకుండా తాగాడు. బన్ను ఎలా ఉందంటే "పర్వాలేదు" అంటూనే మూడోది అందుకున్నాడు, ఓపల్ అతన్ని తేరిపార చూసింది.

"తీసుకెళ్లు" అంది ఓపల్. "కానీ నాకు మాటియ్యి. ఇది ఎక్కడ తిరిగినా మొహం తిప్పుకుని పోకూడదు."

"మా ఊళ్లో పిచ్చివాణ్నంటారమ్మా."

"ఇప్పుడేమంటున్నారు?"

స్టూరె, లప్పం పేరుకంటే పిచ్చివాడే నయమనుకుని, మాటిచ్చాడు. ఆవిడ ఎమిల్ టోపీ మాత్రం తీసుకుని, చేతితొడుగులు ట్రక్కులోనే వదిలేసింది.

ఆ వేసవి డాలర్నా రోడ్ల మీద చాలామంది బళ్లు ఆపి, దిగి, టైర్లు తన్ని చూసుకున్నారు. బుధవారం బడ్డీ దగ్గర బెంగ్ట్ అయస్కాంతంతో ట్రక్కు చుట్టూ రెండుసార్లు తిరిగాడు, అతుక్కున్న అయస్కాంతాన్ని ఊడబెరకడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి. లప్పం మాట ఇక ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు అందరూ వేలు స్టూరె అంటున్నారు. అతను మాత్రం దుప్పులు దాటే అడవి రోడ్డు మీద కూడా వేలెత్తుతూనే ఉన్నాడు.

సెప్టెంబరులో ఒక సాయంత్రం అతను నెబ్రాస్కాకి ఫోన్ చేశాడు. అక్కడ మధ్యాహ్నం.

"ఒకాయన తిరిగి ఎత్తాడమ్మా."

"ఎవరూ?"

"తెలీదు. దుంగల లారీ నడుపుతున్నాడు. నాకెవరో తెలీదు."

అవతల ఓపల్ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"ట్రక్కెలా ఉంది?" అంది తర్వాత.

"పర్వాలేదు" అన్నాడు స్టూరె.

"అవును నాయనా, ఎంత మంచి ట్రక్కో" అంది ఓపల్.